తాడేపల్లిగూడెములో అంకెలు చదివి కుట్టు యంత్రము

ఏలూరునుండి తూర్పుదిశగా రైలులో పోవునపుడు దెందులూరు, భీమడోలు, పూళ్ళ, కైకరము, ఉంగుటూరు దాటిన పిమ్మట తాడేపల్లిగూడెము వచ్చును. ఆ దారిలో కుడిప్రక్కన వరిచేలు, చేపల చెరువులు, వాని కావల కొల్లేటి పల్లము. ఎడమప్రక్కన కొంతదూరముననే మెట్టసీమ మొదలగును. పల్లమునకును మెట్టకును నడుమ సంతవంటి దీ యూరు. చుట్టుపట్ల గ్రామములవారు దీనిని ఉత్త "గూడెం" అనియే పిలుతురు. ఉల్లిపాయల టోకు వ్యాపారమునకు దీనికి పేరున్నది. రెండవ ప్రపంచయుద్ధకాలమున విమానములు దిగుటకై వేసిన దారి ఇచట నున్నది. 2015లో జాతీయ సాంకేతిక విద్యాసంస్థ కూడ ఈ యూర వెలసినది. ఇచటికి వచ్చువారు సామాన్యముగా సరకుకొరకో, చదువుకొరకో వత్తురు. మేము పోయినది రవికెలమీది పూవులు ఎట్లు పూయుచున్నవో చూచుటకు.

సోదరీమణులారా, పెండ్లిండ్ల కాలము వచ్చినదనగా మన యిండ్లలో చీరకంటె రవికెకే యెక్కువ ఆలోచన పట్టుచున్నది గదా. ఆ సందర్భమున రెండు మాటలు ప్రతి స్త్రీ నోటను వినబడును: ఒకటి "మగ్గం వర్కు", రెండవది "కంప్యూటర్ వర్కు". మొదటిది ప్రియమనియు, రెండవది చౌక యనియు అందఱకు తెలియును. ఆ రెండును దారమును గుడ్డలో నిలుపు తీరులో ఎట్లు భిన్నములో చెప్పగలవారు తక్కువ. "కంప్యూటరు కుట్టును" అనుట తేలికయే. కాని కంప్యూటరునకు చేతులెక్కడివి? కన్నులెక్కడివి? నెమలిపింఛములో నీలము ఎచట ముగిసి పచ్చ ఎచట మొదలిడవలెనో దాని కెవరు చెప్పిరి? ఈ ప్రశ్నలకు సమాధానము కన్నులార చూచి తెలిసికొనవలెనని బయలుదేరితిమి.

మే మెక్కిన పెట్టెలో కైకరముకడ ఒక తల్లియు కూతురును ఎక్కిరి. వారి చేతిసంచిలో నాలుగు రవికెగుడ్డలున్నవి. కొల్లేటి యొడ్డు గ్రామమునుండి గూడెమునకు పనికిచ్చుటకై పోవుచున్నారట. ఏలూరులో ఒకప్పుడు పారశీక సంప్రదాయపు తివాచీలు నేసిన చేతులు ప్రసిద్ధములు. కొల్లేటి గ్రామములలో వల అల్లు చేతులు నేటికిని కలవు. తివాచీకి ముడి లెక్క, వలకు కన్ను లెక్క. ఈ సీమలో చేతిపని యన్నది మొదటినుండియు లెక్కతో కూడినదే. ఆ మాట యంత్రమును చూచిన పిదప మాకు మఱింత బోధపడినది.

మేము చూచిన దుకాణము ఒక సందులోని రెండు గదుల యిల్లు. ముందుగదిలో మగ్గము, వెనుకగదిలో యంత్రము. యజమానురాలు నలువదియేండ్ల గృహిణి. ఆమె మమ్ము "రండమ్మా, కూర్చోండి" అని ఆదరించి, ముందు మగ్గమును చూపినది. నాలుగు కోళ్ళమీద చదరముగా బిగించిన కఱ్ఱచట్రము. దానిపై తప్పెటవలె బిగిసిన పట్టుగుడ్డ. దాని యెదుట కూర్చుండిన పనివాని కుడిచేయి గుడ్డపైన, ఎడమచేయి గుడ్డక్రింద. కుడిచేతిలో ఆరీ యను సూది. దాని కొనయందు సన్నని కొక్కెము కలదు. సూది గుడ్డలోనికి దిగును. క్రిందనున్న చేయి దారమును కొక్కెమునకు తగిలించును. సూది ఆ దారమును ఉచ్చుగా పైకి లాగును. మరల దిగునపుడు ఆ యుచ్చులోనుండియే దిగి, రెండవ యుచ్చును పైకి తెచ్చును. ఒక ఉచ్చు నింకొక యుచ్చు పట్టుకొని గొలుసు ఏర్పడుచుండును. ఇందు దారము ఒక్కటే. కొన విడిపోయెనా, గొలుసంతయు ఊడివచ్చును. కావుననే పనివాడు చివర ముడివేయక లేవడు. ముత్యములు, పూసలు, జర్దోసీ చుట్టలు కుట్టవలెనన్న ఆరీని విడిచి మామూలు సూది పట్టును.

వెనుకగదిలోని యంత్రము కుట్టు వేఱు. అది మన యింటి కుట్టుమిషను కుట్టే. ఇందు దారములు రెండు: పైదారము సూదికన్నులోనుండి వచ్చును, క్రిందిదారము బాబిన్ అను చిన్న కండెనుండి వచ్చును. ఈ రెండును గుడ్డ మందములో ఎట్లు మెలిపడునో మన యిండ్లలో మిషను త్రొక్కువారిలోను పలువురు చూచియుండరు. సూదిని చేతబట్టి పరీక్షించిన ఒకప్రక్క నిలువునా ఒక గాడి, రెండవప్రక్క కన్నునకు పైన చిన్న గుంట కనబడును. సూది దిగునపుడు దారము గాడిలో ఒదిగి, గుడ్డను రాసికొనకుండ దిగును. అడుగంట దిగిన సూది రెండు మిల్లీమీటర్లంత పైకి లేచును. అప్పుడు గుంటవైపు దారము గుడ్డరాపిడికి చిక్కి సూదితో లేవలేక, బయటికి ఉబ్బి చిన్న ఉచ్చుగా నిలుచును. సరిగా ఆ క్షణముననే క్రింద గిరగిర తిరుగు హుక్కు మొన వచ్చి ఆ గుంటలోనుండి దూసికొనిపోయి ఉచ్చును పట్టును. పట్టి, దానిని కండెపెట్టె చుట్టును త్రిప్పును. అనగా కండెనంతటిని ఉచ్చులోనుండి దాటించునన్నమాట. ఆ వెంటనే పైనున్న మీట మిగిలిన దారమును లాగికొనును. ఉచ్చు బిగిసి క్రిందిదారమును పట్టుకొనును. ఒక కుట్టు పూర్తియైనది.

ఇట్లు తిరుగు హుక్కును 1851లో అమెరికావాడగు అల్లెన్ విల్సన్ కనిపెట్టెను. నేటికిని ఆ పద్ధతియే. ఒక్క కుట్టునకు హుక్కు రెండుమారులు తిరుగును: మొదటిమారు ఉచ్చును పట్టి త్రిప్పును, రెండవమారు ఉత్తగా తిరుగుచుండ మీట దారమును బిగించును. మేము చూచిన యంత్రము నిమిషమునకు 800 కుట్లు వేయుచుండెను. అనగా హుక్కు నిమిషమునకు 1600 మారులు తిరుగుచున్నది. కన్నునకు అది తిరుగుచున్నట్లే కానరాదు. మెఱుపు మాత్రము కనబడును.

ఇంతవఱకు ఇంటిమిషనుకు, దీనికి భేదము లేదు. భేదము గుడ్డను నడపుటలో నున్నది. ఇంటిమిషనులో సూదిక్రింద పండ్ల పలకలు గుడ్డను ముందునకు నెట్టుచుండును. వంపు తిప్పవలెనన్న మన చేతులు గుడ్డను త్రిప్పును. ఈ యంత్రములో ఆ పండ్లు లేవు. గుడ్డ చట్రములో బిగియుండును. ఆ చట్రము రెండు మోటారులకు కట్టుబడి యున్నది. ఒక మోటారు దానిని కుడియెడమలకు, రెండవది ముందువెనుకలకు జరుపును. పండ్లున్న బెల్టులు ఆ కదలికను చట్రమునకు అందించును. సూది మాత్రము ఉన్నచోటనే దిగుచు లేచుచుండును. మనము ముగ్గు పెట్టునపుడు నేల నిలిచియుండి చేయి తిరుగును. ఇచట చేయి నిలిచియుండి నేల తిరుగుచున్నది! ఐమూలగా గీత రావలెనన్న రెండు మోటారులును ఒక్కమారే తగిన పాళ్ళలో కదలును. గుండ్రము రావలెనన్న ఆ పాళ్ళు కుట్టుకుట్టునకు మారుచుండును.

ఇందొక చిక్కు కలదు. సూది గుడ్డలో గ్రుచ్చుకొని యున్నపుడు చట్రము కదలెనా, సూది వంగును, లేక విఱుగును; గుడ్డ చినుగును. కావున సూది గుడ్డను విడిచి పైకి వచ్చినది మొదలు మరల గుడ్డను తాకువఱకే చట్రమునకు సెలవు. నిమిషమునకు 800 కుట్లన్న ఒక కుట్టునకు సెకనులో పదమూడవవంతు మాత్రము కాలము. అందును దాదాపు సగమే చట్రము పాలు. ఈ యొద్దికను కాపాడుటకై యంత్రపు పెద్ద ఇరుసునకు ఒక బిళ్ళ అమర్చబడియున్నది. ఇరుసు ఏ కోణమున నున్నదో, అనగా సూది ఎంత యెత్తున నున్నదో, అది ఎడతెగక తెలుపుచుండును. ఆ వార్త అందిన పిదపనే మోటారులు కదలును. పొడుగు కుట్టు వచ్చినపుడు చట్రము ఎక్కువదూరము పోవలెను గనుక యంత్రము తనంత తానే వేగము తగ్గించుకొనును. ధ్వనిలో ఆ తేడా మాకు స్పష్టముగా వినబడినది.

ఇక కంప్యూటరు చేయునదేమి? యంత్రము కాచుచున్న అమ్మాయిని మే మీ మాట యడిగితిమి. ఆమెకు ఇరువదియేండ్లుండును. "నెమలి అని దీనికెట్లు తెలియునమ్మా?" యనగా ఆమె నవ్వి, "ఆయ్, దానికి నెమలీ తెలీదు, కాకీ తెలీదండి. ఇటు ఇంత జరుగు, అటు అంత జరుగు, ఒక పోటు పొడువు. అంతేనండి దానికి తెలిసింది" అని బదులుచెప్పినది. ఈ విషయమును ఇంతకంటె చక్కగా చెప్పుట మాకు చేతకాదు.

నిజమదియే. డిజైను ఫైలు అని వీరు పెన్‌డ్రైవులో పెట్టుకొని తెచ్చునది బొమ్మ కాదు; అంకెల పట్టిక. ప్రతి కుట్టునకు రెండంకెలు: కుడికో యెడమకో ఎంత, ముందునకో వెనుకకో ఎంత. కొలత మిల్లీమీటరులో పదవవంతు. అందఱును వాడు ఒకానొక ఫైలు పద్ధతిలో ఒక్కమారు 12.1 మిల్లీమీటరులకు మించి జరుగుట కుదరదు; అంతకంటె దూరము పోవలెనన్న కుట్టు వేయక దాటుడని ఆజ్ఞలు వరుసగా ఉండును. నడుమనడుమ "రంగు మార్చు", "ఆగు", "ముగిసినది" అను మాటలకు గుర్తులుండును. ఒక రవికె మెడకును చేతులకును కలిపి 40,000 కుట్లున్నవనుకొందము. అది 40,000 జతల అంకెలు. నిమిషమునకు 800 చొప్పున నడచిన 50 నిమిషములు పట్టును. దారము తెగినపుడు, రంగు మారునపుడు ఆగిన కాలము అదనము. దుకాణములవారు కుట్ల లెక్కమీద వెలకట్టుట కిదియే కారణము.

రంగులు మారుట చూచుటకు వేడుకగా నుండును. యంత్రపు తలలో 9, 12, లేక 15 సూదులు వరుసగా నుండును. ప్రతిదానికి తన రంగుదారము, తన బిగింపు బిళ్ళలు. కాని ఒక వేళకు పనిచేయునది ఒక్క సూదియే. రంగు మార్చుమను గుర్తు రాగానే క్రిందనున్న కత్తి దారములను కత్తిరించును. సూదులపెట్టె యంతయు ప్రక్కకు జరిగి, కావలసిన సూది ఆడించు కడ్డీకి ఎదురుగా వచ్చి నిలుచును. ఆ కడ్డీ దానిని పట్టుకొనును. దారము పోవుదారిలో చిన్న చక్రమొకటి కలదు. దారము నడచుచున్నంతసేపు అది తిరుగును. సూది ఆడుచుండగా చక్రము తిరుగలేదనిన దారము తెగినదని యర్థము. యంత్రము వెంటనే ఆగి ఎఱ్ఱదీపము చూపును. చూపులేని యంత్రమునకు ఇట్టి చిన్న తాకుడులే కన్నులు.

ఇట్లు వర్ణించితిమని యంత్రము పని సర్వము తానే చేయునని తలపరాదు. మేమున్న రెండు గంటలలో ఆ అమ్మాయి కూర్చున్నది లేదు. గుడ్డను చట్రములో బిగించుట మొదటి పని. వదులుగా బిగించిన గుడ్డ ముడుతలు పడును. ఎక్కువగా లాగి బిగించినచో చట్రము విడిచిన తరువాత వెనుకకు పోయి పూవుచుట్టును చిట్లించును. నేతపోగు వంకరగా బిగించిన తీవె యంతయు వంకరయే. అది యంత్రమునకు తెలియదు. గుడ్డక్రింద గట్టి కాగితమువంటి ఆనింపు వేయవలెను. జరీదారమన్న రేకు చుట్టిన దారము. అది మెలిపడును, త్వరగా తెగును. అందుకై పెద్ద కన్నుగల సూది ఎక్కించి వేగము తగ్గించవలెను. కండెదారము ఎప్పు డైపోవునో కనిపెట్టుకొని యుండవలెను. ఇవన్నియు చేతిపనులే. చేయి సూదిని విడిచి సూదిచుట్టునకు వచ్చినది, అంతియే.

ఇంతకంటె పెద్ద నేర్పు బల్లవద్ద కంప్యూటరు ముందు కూర్చుండువారిది. యజమానురాలు ఆ పని స్వయముగా నేర్చినది. కాగితముమీది తామరపూవును అంకెలుగా మార్చుట ఎట్లో మాకు చూపినది. ప్రతి రేకునకు కుట్లు ఏ దిక్కునుండి ఏ దిక్కునకు పడవలెనో ముందు నిర్ణయింపవలెను. దారము వెలుగును పట్టు తీరు దానిమీద ఆధారపడియుండును. రంగు ఒక్కటియైనను రెండు రేకులు వేఱువేఱుగా కనబడుట అందువలననే. సన్నని కాడకు ఆ యంచునుండి ఈ యంచునకు అడ్డుగా పడు సాటిన్ కుట్టు. వెడల్పైన చోట అడ్డుకుట్లు పొడుగై గాజులకు తగులుకొనును గనుక చాపయల్లికవంటి నింపుకుట్టు. ఒక వరుసకును మఱియొక వరుసకును ఎడము సుమారు 0.4 మిల్లీమీటరు, అంతకంటె ఒత్తైన గుడ్డ బిఱుసెక్కును, పలుచనైన గుడ్డరంగు తొంగిచూచును. అన్నిటికి ముందు, ఇంటికి పునాదివలె, కనబడని అడుగు కుట్లు వేయవలెను.

ఆమె చెప్పిన వానిలో మా కాశ్చర్యము గొలిపినది మఱియొకటి. ప్రతి కుట్టును గుడ్డను తన దిక్కునకు కొంచెము లాగును. అందువలన కంప్యూటరుమీద సరియైన గుండ్రము గీసి, అడ్డకుట్లతో నింపినచో గుడ్డమీద అది గుండ్రముగా రాదు. ప్రక్కలనుండి నొక్కిన నిమ్మకాయవలె నిలువు కోలగా వచ్చును. "గుండ్రం రావాలంటే కొంచెం తప్పుగా గియ్యాలమ్మా. పట్టుకి ఒకలా, జార్జెట్‌కి ఒకలా" అని యామె యన్నది. ఎంత తప్పుగా గీసిన ఒప్పగునో చెప్పు అంకె ఏ పుస్తకములోను లేదు. అది ఆయా గుడ్డను చేతబట్టి తెలిసికొనవలసినదే. కుట్టునది యంత్రమైనను గుడ్డను ఎఱిగినది మనిషియే.

ఈ యంత్రపు పుట్టుపూర్వోత్తరములు తెలిసికొన్న మన స్త్రీలకు ఉపయోగించు సంగతి యొకటి బయటపడును. యంత్రముతో అల్లికపూలు కుట్టుట కంప్యూటరుతో మొదలిడలేదు. 1828లో మ్యూలూజ్ పట్టణమున జోసువె హైల్మన్ అనునతడు ఒక యంత్రము చేసెను. నిలువుగా బిగించిన గుడ్డకు ఇరువైపులను వరుసలుగా సూదులు. ప్రతి సూదికి రెండు కొనలును మొనలే, కన్ను నడుమ. గోడమీద పెద్దదిగా గీసిన బొమ్మను ఒకడు మొనతో కుట్టుకుట్టుగా అనుసరించుచుండ, మీటల కూర్పు ఆ కదలికను చిన్నదిచేసి గుడ్డచట్రమునకు అందించెడిది. గుడ్డ కదలి సూది నిలుచు పద్ధతి అప్పటినుండియే యున్నదన్నమాట. 1863లో స్విట్జర్లండునందలి ఈసాక్ గ్రూబ్లి కుట్టుమిషనువలె రెండు దారములతో నడచు యంత్రము కల్పించెను. అందలి క్రిందిదారపు నాడె పడవరూపున నుండుటచే ఆ యంత్రమునకు వారి భాషలో "చిన్నపడవ" అని యర్థమిచ్చు షిఫ్లి యను పేరు వచ్చినది. కొల్లేటి దోనెల నెఱిగిన మనకు ఆ పేరు ఇంపుగానే వినబడును. 1804 ప్రాంతమున ఫ్రాన్సులో జాకార్డు మగ్గమునకు తూట్ల అట్టలతో నేతపూలు చెప్పు పద్ధతి వచ్చియుండెను. గ్రూబ్లి కుమారుడు 1898లో ఆ పద్ధతిని అల్లికయంత్రమున కమర్చెను. గోడమీది బొమ్మను అనుసరించు మనిషి పోయి తూట్లు వచ్చినవి. తరువాత పలుతలల యంత్రములు జపానులో పెరిగినవి. తూట్ల కాగితపు పట్టీ పోయి నేటి ఫైలు వచ్చినది. నాటి తూటే నేటి అంకె.

హైల్మన్ యంత్రము స్విట్జర్లండు పల్లెలలో ఇంటింటను వెలసిన కాలమున ఒక యంత్రముచుట్టును కుటుంబమంతయు పనిచేసెడిది. బొమ్మను అనుసరించు మీట సాధారణముగా పురుషునిచేత నుండెడిది. వందలకొలది సూదులకు దారమెక్కించు పని స్త్రీలది, పిల్లలది. మొదటి ప్రపంచయుద్ధమునకు ముందు అల్లికగుడ్డలు ఆ దేశపు ఎగుమతులలో అగ్రస్థానమున నుండెను. యుద్ధము తరువాత ఆ వ్యాపారము కూలిపోయినది. అప్పుడు యంత్రములు మూలబడినవి. దారమెక్కించుట యొక్కటే నేర్చినవారికి ఆ నేర్పు మఱెందుకును పనికిరాకపోయినది.

ఇది దూరదేశపు కథ యని త్రోసివేయరాదు. గూడెమునకు దక్షిణముగా, భీమవరమునకు అవతల, ఈ జిల్లాలోనే నరసాపురము కలదు. ఆ సీమలో 19వ శతాబ్దిలో క్రైస్తవ మిషనరీలు నేర్పిన క్రోషాలేసు ఇంటింట పాకి, మన స్త్రీల వ్రేళ్ళమీదుగా దేశదేశములకు పోయినది. 2024లో నరసాపురపు క్రోషాలేసునకు భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. జర్మనీ దేశపు సామాజికశాస్త్రవేత్త మరియా మీస్ ఈ లేసు స్త్రీల నడుమ తిరిగి పరిశోధించి 1982లో ఒక గ్రంథము ప్రకటించెను. పూవులు అల్లుట "చేతిపని" యనియు, పూవులను కలుపుట "అతుకుపని" యనియు ఇక్కడి మాటలతోనే ఆమె వివరించినది. ఒకతె పూవులే అల్లును, ఒకతె అతుకును; మొత్తము దుప్పటిని, దాని డిజైనును, అది అమ్ముడుపోవు ధరను ఎఱిగినవారు వర్తకులు. గంటలకొలది పనిచేయు స్త్రీలు మాత్రము పనివారుగా లెక్కకురాక, తీరికవేళ పొద్దుపుచ్చు గృహిణులుగానే పరిగణింపబడిరి. కూలియు ఆ లెక్కనే వచ్చినది.

ఈ రెండు కథలను ప్రక్కప్రక్కన పెట్టిచూచిన గూడెపు వెనుకగదిలోని ప్రశ్న స్పష్టమగును. యంత్రము వచ్చినదా రాలేదా యన్నది కాదు ప్రశ్న. డిజైను ఎవరిచేత నున్నది? నరసాపురములో యంత్రము లేకయే డిజైను స్త్రీల చేయిదాటినది. ఇచట యంత్రముండియు, ఒక గృహిణి దానిని తన చేత నిలుపుకొన్నది. అదే సందులోని మఱికొన్ని దుకాణములు ఫైళ్ళను బయటినుండి కొని తెచ్చి నడుపునట. అచట పనిచేయు అమ్మాయిలు దారమెక్కించి, చట్రము బిగించి, ఎఱ్ఱదీపము చూచుకొందురు. ఫైలులో తప్పున్న తప్పే కుట్టబడును. దిద్దుట వారి చేతిలో లేదు. మేము చూచిన దుకాణపు అమ్మాయి సాయంకాలము ఒక గంట యజమానురాలికడ కూర్చుండి డిజైను వ్రాయుట నేర్చుకొనుచున్నది. "నెలకో పువ్వు నేర్పిస్తున్నారండి అక్క. చేతులకి బోర్డరు నేనే రాశాను మొన్న" అని చూపినపుడు ఆమె ముఖమున కనబడిన తేజము మగ్గపు పనివాని ముఖమున పని ముగిసినపుడు కనబడునదియే.

ముందుగదిలోని మగ్గమేమగునని మీరడుగుదురు. మే మడిగితిమి. యజమానురాలు దాచక చెప్పినది: తీవెలు, చుక్కలు, అంచులు మునుపు మగ్గమునకు వచ్చెడివి, ఇపుడు యంత్రమునకు పోయినవి. చమ్కీలు కుట్టు అమరిక యంత్రములకును వచ్చినది. కాని ఎత్తుగా లేచు జర్దోసీ, రాళ్ళను చుట్టుకట్టుట, రవికె కుట్టిన తరువాత చేయవలసిన చిన్న దిద్దుబాట్లు ఆమె దుకాణమున చేతిపనిగానే యున్నవి. పలు రవికెలకు యంత్రము తీవె కుట్టినమీదట మగ్గపు పనివాడు పూసలు పొదుగుచున్నాడు. ఆ పనివానికి పని తగ్గినమాట నిజమే. దానిని తీపిమాటలతో కప్పుట మర్యాద కాదు.

గుడ్డ యిచ్చువారముగా మనకును కొంత తెలివి యవసరము. రవికె చేతికి రాగానే ముందువైపు చూచి మురియక, వెనుకకు త్రిప్పి చూడుడు. సాటిన్ కాడ వెనుకభాగమున నడుమ మూడవవంతు కండెదారము, ఇరుప్రక్కల పైరంగు కనబడిన బిగింపు సరిగా నున్నది. వెనుక అంతయు పైరంగే యున్న పైదారము వదులు. ముందువైపున కండెదారము తెల్లగా పొడసూపిన పైదారము మితిమించి బిగిసినది. ఆనింపు కాగితమును మిగులు కత్తిరించిరా, పూవుచుట్టును గుడ్డ చిట్లినదా, తీవె నేతపోగునకు వంకరగా పోయినదా చూడుడు. వెల యడుగునపుడు "ఎన్ని కుట్లు?" అని యడుగుడు. చిన్నదైనను ఒత్తుగా నిండిన నెమలికి ఎడమెడముగా పాకిన పెద్ద తీవెకంటె ఎక్కువ కుట్లు పట్టవచ్చును. ఆ సంగతి తెలిసిన బేరము న్యాయముగా నుండును. ఇచ్చువారికిని తీసికొనువారికిని మాటపట్టింపులు తగ్గును.

ఇంట కుట్టుమిషను త్రొక్కు సోదరీమణులకు మఱియొక్క మాట. ఈ యంత్రమును కొనుట అందఱకు సాధ్యము కాదు; కొనుడని మేము చెప్పుటలేదు. కాని మీ కుమార్తె యో కోడలో ఇట్టి దుకాణమున పనికి పోవుచున్న, జీతమెంత యని యడుగుటతో ఊరకుండవలదు. డిజైను వ్రాయుట నేర్పుదురా యని కూడ అడుగుడు. ముగ్గులో చుక్కల లెక్క, వలలో కన్నుల లెక్క, లేసులో గొలుసుల లెక్క తరతరములుగా నోటిలెక్కన నిలుపుకొన్న వారము మనము. కుట్టునకు రెండంకెల లెక్క మనకు కొఱుకుడుపడనిదేమి కాదు. సూదికి దారమెక్కించు చేయియే ఆ సూదికి అంకెలు వ్రాయు చేయి యగునట్లు చూచుకొన్న, యంత్రము ఎన్ని రూపములు మార్చినను మన యాడపిల్లలకు పని మిగిలియుండును, ఆ పనిమీద వారి మాటయు చెల్లును.